కార్నివోర్, కార్నివాల్, కార్నేషన్: మాంసం చుట్టూ అల్లుకున్న ఇంగ్లీషు మాటల చుట్టరికం

పదాలపిచ్చి:
ఏడో తరగతి చదివే మా అమ్మాయి సైన్సు పాఠంలో ‘కార్నివోర్’ అన్న మాట చూసి, “అయితే గోవా కార్నివాల్‌లో అందరూ మాంసం తింటారా నాన్నా?” అని అడిగింది. అడిగి తన మానాన తను వెళ్లిపోయింది. నేను మాత్రం రాత్రి ఒంటిగంట దాకా నిఘంటువులు తిరగేస్తూ కూర్చున్నాను.

లాటిన్‌లో మాంసాన్ని ‘కారో’ అంటారు. విభక్తి చేరితే ‘కార్నిస్’ అవుతుంది. ‘వోరారే’ అంటే మింగడం కాబట్టి మాంసం మింగేది కార్నివోర్. ఊచకోతకు కార్నేజ్, కుళ్లిన కళేబరానికి కేరియన్, తవ్వితీసిన ఎముకలు దాచే గదికి చార్నెల్ హౌస్, దేహ వాంఛలకు కార్నల్, దేవుడు దేహం ధరించడానికి ఇన్‌కార్నేషన్. ఇవన్నీ ఆ ఒక్క మాట సంతానమే. వీటిలో కొన్ని నేరుగా లాటిన్ నుంచి ఇంగ్లీషులోకి వచ్చాయి. కొన్ని ఫ్రెంచి వారి నోట్లో నాని, రూపు మారి వచ్చాయి. ఫ్రెంచిలో ‘క’ చాలాచోట్ల ‘ష’ అయిపోయింది. మాంసాన్ని వాళ్లు ‘షేర్’ అంటారు. ఈ మధ్య పెద్ద హోటళ్ల మెనూల్లో కనిపిస్తున్న ‘షార్‌క్యూటరీ’ అంటే వండిన మాంసపు సరుకు అనే.

ఇక కార్నివాల్. తమాషా ఏమిటంటే, మాంసం మానేయడం దగ్గర పుట్టిన పేరు అది. ఈస్టరుకు ముందు 40 రోజుల ఉపవాస దీక్ష ఉంటుంది. దాని ముందు రోజులను మధ్యయుగపు ఇటలీలో ‘కార్నెలెవారే’ అన్నారు, అంటే మాంసాన్ని తీసి పక్కన పెట్టడం. రేపటి నుంచి ముట్టుకోకూడదు కాబట్టి ఈ రోజే ఇంట్లో ఉన్నదంతా తినేయాలన్నమాట. కార్తీకం రేపనగా మన ఊళ్లలో మటన్ కొట్టు ముందు నిలబడే వరస చూసిన వారికి ఈ పండగ మర్మం వేరే చెప్పనక్కరలేదు.

‘కార్నె వాలే’, అంటే ‘మాంసమా, ఇక సెలవు’ అన్న వివరణ కూడా చాలాచోట్ల కనిపిస్తుంది. వినడానికి బాగుంటుంది కానీ అది తరవాత కట్టిన ముచ్చట.

మీకు తెలిసినవి కలపండి.

నల్లకోటు:
మా వృత్తిలో ‘కార్నల్’ అన్న మాట వినని వారు ఉండరు. 1860 నాటి భారత శిక్షాస్మృతి 377వ సెక్షన్‌లో ఉండేది. పరస్పర అంగీకారంతో వయోజనులు పెట్టుకునే లైంగిక సంబంధం ఆ సెక్షన్ కింద నేరం కాదని 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ సెక్షనే లేదు. ఆ మాటకు అర్థం ఏమిటో, ఏది దాని కిందికి వస్తుందో తేల్చడానికి ఒకటిన్నర శతాబ్దం పాటు కోర్టులు తల పట్టుకున్నాయి. దాని పుట్టుక మటన్ కొట్టు దగ్గర అని ఇప్పుడే తెలిసింది.

శ్రుతిపెట్టె:
నవ్వకండి. ఇంగ్లీషులో ‘కార్నాటిక్’ సంగీతం అని రాస్తారు కదా, అందులోనూ కార్న్ ఉంది. ఒక విదేశీ శ్రోత నన్ను నిజంగానే అడిగాడు.

పదాలపిచ్చి:
అది కర్ణాటక అన్న పేరును ఇంగ్లీషు వాళ్లు పలికిన తీరు, అంతే. త్యాగయ్యను ఇందులోకి లాగకండి.

అమరంవల్లె:
సంస్కృతం ఊసు లేకుండా చర్చ నడుస్తోంది కాబట్టి నాలుగు మాటలు. అమరకోశమనే సంస్కృత నిఘంటువు మనుష్యవర్గంలో అమరసింహుడు మాంసానికి పర్యాయపదాలు చెప్పాడు: “పిశితం తరసం మాంసం పలలం క్రవ్యమామిషమ్”. చిన్నప్పుడు బెత్తం దెబ్బలతో వల్లె వేసినవి. ఆరు మాటలు అరశ్లోకంలో.

మీరు ‘కార్నె వాలే’ అన్న కల్పిత వ్యుత్పత్తి చెప్పారు. మనకూ అలాంటిది ఉంది, అయితే ఎంతో పదునైనది. మనుస్మృతి అయిదో అధ్యాయం 55వ శ్లోకం చూడండి: “మాం స భక్షయితాముత్ర యస్య మాంసమిహాద్మ్యహమ్”. ఇక్కడ నేను ఎవరి మాంసం తింటున్నానో, పరలోకంలో వాడు నన్ను తింటాడు. ‘మాం’ అంటే నన్ను, ‘స’ అంటే వాడు. మాంసం అన్న మాటలోనే బెదిరింపు దాచాడు. వ్యాకరణం ఒప్పుకోదు కానీ చెవికి తగులుతుంది.

ఇక నా అభిప్రాయం. ఈ యూరప్ మాటలన్నీ చివరికి సంస్కృతం నుంచి పోయినవే.

మూలాన్వేషి:
మాస్టారూ, నమస్కారం. శ్లోకం అద్భుతం. చివరి వాక్యం దగ్గర మాత్రం ఆగాలి. సంస్కృతం వాటికి తల్లి కాదు, అక్క. ఆ అక్కకూ లాటిన్, గ్రీకు, గోతిక్ వంటి చెల్లెళ్లకూ తల్లి ఒకతే, ఆమె రాతలో మిగలలేదు.

మన ‘మాంసం’ దానికి చక్కటి సాక్ష్యం. నాలుగో శతాబ్దంలో బైబిలును గోతిక్ భాషలోకి మార్చినప్పుడు కొరింథీయులకు రాసిన మొదటి లేఖ 8వ అధ్యాయం 13వ వచనంలో ‘మిమ్జ్’ అన్న మాట వాడారు. మాంసం తినను అనే సందర్భం. మిమ్జ్, మాంసం ఒకటే మాట. రష్యన్‌లో ‘మ్యాస’. ఇంగ్లీషుకు దగ్గర చుట్టమైన గోతిక్‌లో ఉన్నా ఇంగ్లీషులో మాత్రం ఇది బతకలేదు.

అయితే దొడ్డిదారిన వచ్చి చేరింది. లాటిన్‌లో మాంసానికి ‘కారో’ స్థిరపడిపోయాక, ఈ పాత మాట ‘మెంబ్రుమ్’ రూపంలో అవయవం అన్న అర్థంతో మిగిలింది. ఇంగ్లీషు ‘మెంబర్’ అదే. దేహానికి అవయవం ఎలాగో సంఘానికి సభ్యుడు అలాగ. కండ మీది పొర కాబట్టి ‘మెంబ్రేన్’. గ్రీకులో మెదడును చుట్టిన పొరకు ‘మెనింక్స్’ అని పేరు, మెనింజైటిస్ అక్కడి నుంచి వచ్చింది. కనక మన వార్డు మెంబరులో మాంసం ఉన్నట్టే లెక్క.

ఇంకొకటి. దీన్ని చూపించి తెలుగుకూ ఇంగ్లీషుకూ చుట్టరికం ఉందని కొందరు వీడియోలు చేస్తున్నారు. ‘మాంసం’ మనం సంస్కృతం నుంచి తెచ్చుకున్నది. మన సొంత మాట ఎఱచి, తమిళంలో ఇఱైచ్చి. పొలసు కూడా మనదే, తమిళంలో పులాల్. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని 1816లోనే కాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన ఉపోద్ఘాతంలో మద్రాసు కలెక్టరు ఎల్లిస్ పట్టికలు వేసి మరీ చూపించాడు.

అమరంవల్లె:
రాతలో మిగలని తల్లిని మీరు చూడలేదు, నేనూ చూడలేదు. నా మాట నాది. కానీ పొలసు అన్నారు కాబట్టి చెబుతున్నాను, మన కావ్యాల్లో రాక్షసుణ్ని ‘పొలదిండి’ అంటారు. పొల తినేవాడు. అమరంలో రాక్షసుడికి ‘క్రవ్యాదుడు’ అని పేరు. “రాక్షసః కౌణపః క్రవ్యాత్ క్రవ్యాదోఽస్రప ఆశరః”. క్రవ్యం అంటే పచ్చి మాంసం, అద అంటే తినేవాడు. తెలుగువాడు ఆ సమాసాన్ని అచ్చంగా తన మాటల్లో కట్టుకున్నాడు.

ఋగ్వేదం పదో మండలం 16వ సూక్తంలో శవాన్ని దహించే అగ్నిని కూడా క్రవ్యాదుడనే అంటారు. ఆ అగ్నిని దూరంగా పంపి, హవ్యం మోసే అగ్నిని మిగుల్చుకుంటారు. ఇంట్లో పొయ్యి నిప్పుకూ కాటి నిప్పుకూ మధ్య గీత అది.

మూలాన్వేషి:
మాస్టారూ, మీకు తెలియకుండానే నా వాదానికి మంచి సాయం చేశారు. ‘క్రవ్యం’ గ్రీకులో ‘క్రెయాస్’. ఇంగ్లీషులో ‘రా’, అంటే పచ్చి. పాత ఇంగ్లీషులో దాన్ని ముందు ఒక ‘హ’కారంతో ‘హ్రేఅవ్’ అన్నట్టు పలికేవారు. సంస్కృతం, గ్రీకు, లాటిన్‌లలో ‘క’ ఉన్నచోట జర్మన్, ఇంగ్లీషు వర్గంలో ‘హ’ ఉండటం పద్ధతి ప్రకారం జరిగేదే. తరవాత ఆ ‘హ’ కూడా రాలిపోయి ‘రా’ మిగిలింది. ‘అద’ ఇంగ్లీషులో ‘ఈట్’. అంటే క్రవ్యాదుణ్ని ముక్క ముక్కగా ఇంగ్లీషులో పెడితే రా, ఈట్. రెండు ముక్కలూ చుట్టాలే.

సూదిమందు:
నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. గ్రీకు క్రెయాస్ అంటుంటే నాకు ఠక్కున వెలిగింది. రోజూ మా దగ్గర రాసే చీటీల్లో సగం వాటి మీద ఉండే మాట క్రియాటినిన్.

1832లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షెవ్రూల్ మాంసం నుంచి ఒక పదార్థాన్ని వేరుచేసి, గ్రీకు మాంసం పేరునే పెట్టి ‘క్రియాటిన్’ అన్నాడు. ఇప్పుడు జిమ్ములో కుర్రాళ్లు డబ్బాలు కొని పాలలో కలుపుకొని తాగేది అదే. అది కండరాల్లో వాడకమై విరిగితే వచ్చే వ్యర్థం క్రియాటినిన్. మూత్రపిండాలు దాన్ని బయటికి తోసేయాలి. అవి పని తగ్గిస్తే నెత్తుటిలో పేరుకుపోతుంది. అందుకే ఆ అంకె చూసి కిడ్నీల పరిస్థితి అంచనా వేస్తారు. ఉద్దానం పల్లెల్లో అక్షరం రాని ముసలమ్మలు కూడా “నా క్రియాటినిన్ ఎంత వచ్చింది బాబూ” అని అడుగుతారు. వాళ్ల నోట్లో అది తెలుగు మాటే.

క్లోమాన్ని ఇంగ్లీషులో పాంక్రియాస్ అంటారు కదా. ‘పాన్’ అంటే అంతా, ‘క్రెయాస్’ అంటే మాంసం. ఎముక గానీ మృదులాస్థి గానీ లేకుండా అంతా మెత్తగా ఉంటుందని ఆ పేరు. అది ఏం పని చేస్తుందో తెలియని రోజుల్లో చేతికి తగిలినదాన్ని బట్టి పెట్టిన పేరు.

ఆస్టిన్ఆవకాయ:
టెక్సాస్‌లో మాలాంటి శాకాహారులు ముందు నేర్చుకునే స్పానిష్ మాట ‘కార్నె’. హలో చెప్పడం కూడా తరవాతే. మెక్సికన్ హోటల్లో ‘సిన్ కార్నె’, అంటే మాంసం లేకుండా అని రెండుసార్లు నొక్కి చెప్పాలి. అయినా బీన్సులో పంది కొవ్వు వేస్తారు, అది వాళ్ల లెక్కలో కార్నె కాదు! ఊరి నుంచి వచ్చిన మా అత్తగారు మెనూలో ‘చిల్లీ కాన్ కార్నె’ చూసి పచ్చిమిరపకాయ బజ్జీ అనుకున్నారు. వచ్చాక ఆవిడ ముఖం చూడాలి.

గంటస్తంభం:
పదాలపిచ్చి గారు చెప్పిన దీక్షను మా కథోలికులు తపస్కాలం అంటారు. నేను ఇన్‌కార్నేషన్ గురించి రాద్దామని వచ్చాను.

యోహాను సువార్త మొదటి అధ్యాయం 14వ వచనం. గ్రీకు మూలంలో వాక్యం ‘సార్క్స్’ అయింది అని ఉంటుంది. సార్క్స్ అంటే మాంసమే. లాటిన్‌లో దాన్ని ‘కారో’ అన్నారు. ఇన్‌కార్నేషన్ అన్న మాటకు ఆధారం ఇదే. మన తెలుగు బైబిలులో మాత్రం “ఆ వాక్యము శరీరధారియై” అని ఉంది. మాంసమయ్యెను అని రాసి ఉంటే తెలుగు చెవికి ఎలా ఉండేదో ఊహించండి. గలతీయులకు రాసిన పత్రికలో ‘శరీరకార్యములు’ అన్నచోటా మూలంలో సార్క్స్ మాటే.

అవతారాన్ని ఇంగ్లీషులో ఇన్‌కార్నేషన్ అని అనువదించడం అందరికీ అలవాటైంది. నాకు అది ఎప్పుడూ అతకలేదు. అవతరించడం అంటే దిగిరావడం. పై నుంచి కిందికి వచ్చిన దారి అందులో ఉంది, నెత్తురూ కండా లేవు. ఇన్‌కార్నేషన్‌లో ఆ దారి లేదు, నొప్పి తెలిసే ఒళ్లు ఉంది. రెండు మతాలూ దేవుడు భూమి మీదికి రావడం గురించే మాట్లాడుతున్నా, పట్టించుకున్న అంశాలు వేరు.

అమరంవల్లె:
ఇది బాగా చెప్పారు.

మూలాన్వేషి:
సార్క్స్ వచ్చింది కాబట్టి సార్కజం గురించి చెప్పకపోతే తప్పు. ‘సార్కాజెయిన్’ అంటే కుక్కలా మాంసం పీకడం. ఆ తరవాత కోపంతో పెదవి కొరుక్కోవడం, చివరికి ఎదుటివాణ్ని మాటతో కొరకడం. మనం పీక్కుతినడం అంటాం, ఎత్తిపొడవడం అంటాం. రెండింట్లోనూ ఒంటికి తగిలే దెబ్బే ఉంది. వైద్యులు కండలోనూ ఎముకలోనూ పుట్టే క్యాన్సర్‌ను సార్కోమా అంటారు, అదీ ఇదే ఇంటిది.

పాతరాళ్లు:
సార్కొఫాగస్ వదిలేశారు. నా అభిమాన పదం. సార్క్స్ అంటే మాంసం, ‘ఫాగైన్’ అంటే తినడం. రాతి శవపేటికకు మాంసం తినేది అన్న పేరు ఎందుకు వచ్చిందంటే, అది మొదట పెట్టె పేరు కాదు, ఒక రకం రాయి పేరు. ఇప్పటి టర్కీ పశ్చిమ తీరంలో అస్సోస్ అనే పురాతన పట్టణం ఉంది. అరిస్టాటిల్ కొన్నాళ్లు ఉన్న ఊరు. అక్కడి రాతిలో శవాన్ని పెడితే పళ్లు తప్ప మిగిలినదంతా 40 రోజుల్లో హరించుకుపోతుందని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. నిజానికి ఏ రాయీ అంత త్వరగా ఆ పని చేయదు, ఆ కథ మాత్రం పేరులో అతుక్కుపోయింది. ఆ గ్రీకు మాట లాటిన్‌లోకి పోయి, అక్కడి నుంచి జర్మన్‌లో తలా తోకా తెగి ‘జార్గ్’ అయింది. ఈ రోజు జర్మనీలో మామూలు చెక్క శవపేటికను కూడా జార్గ్ అంటారు. మాంసం పోయింది, తినడం పోయింది, పెట్టె మిగిలింది.

మన దగ్గరా మెగాలితిక్, అంటే పెద్ద రాళ్లతో కట్టిన ప్రాచీన సమాధుల్లో కాల్చిన మట్టితో చేసిన శవపేటికలు దొరికాయి. కడప జిల్లా శంకవరంలో దొరికినది చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది, వీలైతే చూడండి. పొట్టేలు ఆకారంలో ఉంటుంది. ముందు తల, వంపు తిరిగిన కొమ్ములు, కింద వరసగా మట్టి కాళ్లు. చనిపోయిన మనిషిని పొట్టేలు కడుపులో పెట్టి పంపారు.

పదాలపిచ్చి:
అసలు ఒక సందేహం. ‘కారో’ ఎక్కడి నుంచి వచ్చింది? మాంసం, మిమ్జ్, మ్యాస ఒక వరుస. క్రవ్యం, క్రెయాస్, రా ఇంకో వరుస. ‘కారో’ ఈ రెండింటిలోనూ లేదు.

మూలాన్వేషి:
ఈ దారంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్న ఇదే, తీరిగ్గా రాస్తాను.

‘కారో’ మూలధాతువుకు కోయడం అని అర్థం. భాషాశాస్త్రజ్ఞులు దాన్ని ‘స్కెర్’ అని రాస్తారు. కోసిన ముక్క, అందులోంచి వాటా, అక్కడి నుంచి మాంసం. లాటిన్‌లో వాటా అన్న అర్థం పూర్తిగా చెరిగిపోయింది. కానీ పక్కనే ఇటలీలో ఉంబ్రియన్ అనే సోదర భాష ఉండేది. గుబ్బియో పట్టణంలో దొరికిన ఏడు కంచు ఫలకాల మీద ఆ భాషలో పూజారుల నియమాలు చెక్కి ఉన్నాయి. అందులో ఒకచోట ఇలా ఉంటుంది: సోదరులు, అంటే ఆ పూజారుల సంఘం సభ్యులు, భోజనం ముగించాక, ఏర్పాట్లు సరిగా జరిగాయా లేదా అని అధికారి ఓటు అడగాలి. అక్కడికి వచ్చినవారిలో ‘మెస్త్రు కరు’ సరిగా జరిగాయంటే, జరిగినట్టే. ‘మెస్త్రు కరు’ అంటే పెద్ద భాగం, మన మాటలో మెజారిటీ. ఆ ‘కరు’, లాటిన్ ‘కారో’ తోబుట్టువులు. ఒక భాషలో భాగంగా మిగిలిన మాట పక్క భాషలో మాంసమైపోయింది.

కారణం ఊహించడం కష్టం కాదు. ఫ్రిజ్ లేని కాలంలో పెద్ద జంతువును కోస్తే ఒక ఇల్లు తినలేదు. పంచాల్సిందే. మాంసం అంటే తూకం వేసి కొనే సరుకు కాదు, నా వంతుకు వచ్చిన ముక్క.

ఇప్పుడు ఇంగ్లీషులో ఈ ధాతువు పిల్లల్ని లెక్కపెట్టండి. ‘షేర్’, అంటే వాటా. ‘షార్ట్’, కోసి పొట్టిచేసినది. ‘షర్ట్’, పొట్టిగా కత్తిరించిన బట్ట. ఇంగ్లీషులో ‘స్క’ ‘ష’గా మారింది. వైకింగుల భాషలో మారలేదు, అందుకే అక్కడి నుంచి వచ్చిన ‘స్కర్ట్’ అలాగే ఉంది. షర్టూ స్కర్టూ ఒకే గుడ్డ, రెండు ఓడల్లో వచ్చాయి. క్రికెట్ ‘స్కోర్’ కూడా ఇదే, లెక్క కోసం కర్ర మీద పెట్టే గాటు.

అమరంవల్లె:
సంస్కృతంలో కృత్ ధాతువు ఉంది, ఛేదనం అర్థంలో. కృంతతి. కర్తనం. కర్తరి.

మూలాన్వేషి:
అదే మాస్టారూ. ఆ కర్తరి ప్రాకృతం మీదుగా మన ఇంటికి వచ్చి కత్తెర అయింది. దేహం నుంచి కోసి వేరుచేసేది కాబట్టి చర్మం కూడా ఈ ధాతువుదే అంటారు. దర్జీ దగ్గర కత్తెర, ఆయన కుట్టే షర్టు, దలాల్ వీధిలో షేరు, గోవాలో కార్నివాల్.

పాలమూరు_పైరు:
మా ఊళ్లో దసరాకు ఇప్పటికీ పదిమంది కలిసి యాట కొంటారు. కోశాక తాటాకుల మీద పోగులు వేస్తారు. ఒక్కో పోగులో మెత్తటి కండ, ఎముక, కార్జం, కొంచెం కొవ్వు అన్నీ సమానంగా పడేలా చూడటం పెద్దవాళ్ల పని. పోగులు వేసినవాడు చివర తీసుకోవాలి, అది కట్టుబాటు. ఎవరికి ఏ పోగు అన్నది చీటీలు వేసి తేలుస్తారు. మూలాన్వేషి గారు చెప్పిన ఉంబ్రియన్ పూజారులకు మా ఊరి పద్ధతి బాగానే అర్థమయ్యేది.

ఇంకో విషయం. మేము ఆముదం వేస్తాం. ఆముదం గింజను అరచేతిలో పెట్టుకుని చూడండి. గోధుమరంగు మీద మచ్చలతో నున్నగా ఉంటుంది, ఒక కొసన మాత్రం చిన్న తెల్లటి బుడిపె. దాన్ని ‘కారంకుల్’ అంటారని వ్యవసాయ కళాశాలలో చదివాను. ‘కారో’కు అల్పార్థం చేరిస్తే ‘కారుంకులా’, అంటే చిన్న కండ ముక్క. మెత్తగా స్పంజిలా ఉండి తేమ పీల్చుకుంటుంది. మన కంటి లోపలి మూలన, ముక్కు పక్కన ఉండే ఎర్రటి చిన్న కండకూ అదే పేరు.

సూదిమందు:
అవును, కంటి కారంకుల్. ఆముదం గింజకూ కంటికీ ఒకే పేరని ఈ రోజే విన్నాను.

ఆస్టిన్ఆవకాయ:
అంతా లాటిన్, గ్రీకు చుట్టాలేనా? ‘మీట్’, ‘ఫ్లెష్’ సంగతి ఏమిటి? అవి అచ్చ ఇంగ్లీషు మాటలు కదా.

పదాలపిచ్చి:
‘మీట్’ అంటే ఒకప్పుడు ఏ తిండి అయినా. 1611 నాటి ఇంగ్లీషు బైబిలు ఆదికాండం మొదటి అధ్యాయం 29వ వచనంలో దేవుడు మనిషికి విత్తనాలిచ్చే మొక్కలూ పండ్లూ చూపించి, ఇవి మీకు ‘మీట్’ అంటాడు. శాకాహారులకు అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి! మన ఊళ్లలో మిఠాయి దుకాణాల బోర్డు మీద ఇంకా కనిపించే ‘స్వీట్ మీట్’లో ఆ పాత అర్థమే ఉంది. తిండి అన్న విశాలమైన అర్థం నుంచి అందులో ఖరీదైన భాగానికి కుదించుకుపోయింది.

‘ఫ్లెష్’కు జర్మన్‌లో ‘ఫ్లైష్’ ఉంది. స్కాండినేవియాలో అది పంది మాంసానికి మాత్రమే పరిమితమైంది. ఎక్కడ ఏ జంతువు ఎక్కువ తింటే మాట అక్కడికి ఒరుగుతుంది.

పాలమూరు_పైరు:
మా వైపు “ఈ రోజు మా ఇంట్లో కూర” అంటే వంకాయ కాదు. చెప్పకపోయినా మాంసమే.

శ్రుతిపెట్టె:
కార్నేషన్ పువ్వు శీర్షికలో పెట్టారు, దాని గురించి ఒక్క ముక్కా రాయలేదు.

పదాలపిచ్చి:
దాని మీద రెండు వాదాలు ఉన్నాయి. ఒకటి, తెల్లవాళ్ల ఒంటి రంగులాంటి లేత గులాబీ కాబట్టి కార్నేషన్. రెండోది, 16వ శతాబ్దపు మొక్కల పుస్తకాల్లో దీన్ని ‘కొరొనేషన్’ అని కూడా రాశారు, అంచులు కిరీటంలా పళ్లు పళ్లుగా ఉంటాయి కాబట్టి. నేను రెండోదాని వైపే మొగ్గుతాను. మాంసం రంగు అన్నది విని ఎవరో తరవాత సరిదిద్దినట్టు అనిపిస్తుంది.

ఇలా మధ్యలో వేషం మార్చుకున్న మాట ఇంకొకటి ఉంది. కార్నెలియన్, ఎర్రటి పూసల రాయి. దాని అసలు పేరు కార్నేలియన్ కాదు, కొర్నేలియన్. కొర్నెల్ అనే ఎర్రటి పండును బట్టి పెట్టిన పేరు. రంగు చూసి కారోకు కలిపేశారు.

వేషం మార్చుకున్నా నిజంగా ఈ ఇంటి మాటే అయినది ‘క్రోన్’. ముసలావిడను తిట్టే మాట. ఫ్రెంచిలో కళేబరానికి ‘కరోన్య్’ అనే మాట ఉండేది, కేరియన్ కూడా అందులోంచే వచ్చింది. ముసలితనం వస్తే ఆడవాళ్లను శవంతో పోల్చి తిట్టారు. మగవాళ్లకు అలాంటి మాట ఈ ఇంట్లో పుట్టలేదు, గమనించారా.

నల్లకోటు:
గమనించాను. ఏ భాష తిట్ల పట్టిక తీసినా ఇదే కథ.

కాకినాడకాజా:
ఆలస్యంగా వచ్చాను, దారం మొత్తం చదివాను. చమురు బావుల దగ్గర పని నాది. ‘క్రూడ్’ ఆయిల్‌లో క్రూడ్‌కూ ఆ క్రవ్యానికీ ఏమైనా ఉందా? పచ్చి అన్న అర్థం రెండింటికీ సరిపోతోంది.

మూలాన్వేషి:
ఉంది. లాటిన్‌లో ‘క్రుడుస్’ అంటే నెత్తురోడే, వండని, పచ్చి. ‘క్రూయల్’ కూడా దాని పక్కిల్లే. కారిన నెత్తురును లాటిన్‌లో ‘క్రువోర్’ అంటారు, రష్యన్‌లో నెత్తురును ‘క్రోవ్’ అంటారు. మీ బావిలోంచి వచ్చే క్రూడ్, హోటల్లో అడిగే ‘రా’ సలాడ్, మాస్టారి క్రవ్యాదుడు, ముగ్గురిదీ ఒకే వంశం.

అమరంవల్లె:
రాక్షసుడికి సలాడ్‌తో చుట్టరికం కలిపారు. నేను ఇది మా శిష్యులకు పంపిస్తున్నాను.